చిత్రలహరి – కిటికీ అవతలి ప్రేక్షకుడు

1

చిత్రలహరి మీద సాహిత్య పత్రికలో విమర్శ ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కథో, కవితో, నవలో అయితే విమర్శకుడు పని పెట్టుకోవాలి గాని, దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం అరగంట వచ్చిపోయిన సినిమా పాటల మీద ఇంత కాగితం ఖర్చు చేయడం దేనికని అడగవచ్చు. లక్షలాది తెలుగువాళ్ళు వారం వారం ఎదురుచూసిన దాన్ని పట్టించుకోని విమర్శ, ఆ లక్షలాది మందినీ పట్టించుకోనట్టే. ప్రజల అభిరుచి గురించి తీర్మానాలు చేసే మనం, ప్రజలు ఏం చూశారో, ఎక్కడ నిలబడి చూశారో తెలుసుకోకుండా ఆ పని చేయకూడదు.

మరో కారణం కూడా ఉంది. చిత్రలహరి ఇప్పుడు జ్ఞాపకాల సరుకయింది. 2019లో ఒక తెలుగు సినిమాకు ఆ పేరే పెట్టారు. యాభై దాటినవాళ్ళు నలుగురు కలిస్తే, “వీధికొక టీవీ, వీధి వీధంతా ఆ ఇంట్లోనే. ఆ కలివిడితనం ఇప్పుడేదండీ!” అని నిట్టూరుస్తారు. ఈ మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

2

ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు అది మొదట వచ్చింది పాటల పెట్టెగా కాదు, పాఠాల పెట్టెగా. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో మన రాష్ట్రపు గ్రామాలూ ఉన్నాయి. సెట్టును పదిమందీ కూడే చోట పెట్టారు. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, కుటుంబ నియంత్రణ అందులోని విషయాలు. చూడటానికి ఇది సామాజిక టెలివిజన్. అయితే ఆ ఏడాది పొడుగునా దేశంలో ఎమర్జెన్సీ నడుస్తున్న సంగతి మరచిపోరాదు. సెట్టు పదిమంది మధ్యా ఉన్నంత మాత్రాన అందులోని గొంతు పదిమందిదీ అయిపోదు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమైంది. నెల తిరక్కముందే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలమందికి పైగా చనిపోయారు. రాజధానిలో బొమ్మల పెట్టె వెలిగిన ఆ రోజుల్లోనే ఈ డెల్టా కొసన ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ పెట్టెలో మా డెల్టా ఏ రూపంలో కనిపించిందని ఆలోచిస్తే, నాకు ముందుగా గుర్తొచ్చేవి పాటల వెనకటి పచ్చని చేలు, కాలువ గట్లు, కొబ్బరి చెట్లే. మనిషి చచ్చిన నేల, మనిషి వంగి నాటు వేసిన నేల, పాటలో తెరకట్టు బొమ్మ అయిపోయింది.

1976 జనవరి 1 నుంచి దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు వచ్చాయి. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా రంగులు వచ్చాయి. 1984లో దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు వేగంగా నెలకొల్పారు. అదే ఏడాది పి.సి. జోషి అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ, మన టెలివిజన్‌కు భారతీయ వ్యక్తిత్వం ఉండాలని నివేదిక ఇచ్చింది. నివేదిక నివేదికగానే ఉంది. హిందీలో చిత్రహార్, తెలుగులో చిత్రలహరి ఇంటింటి మాటలయ్యాయి. ఆ పాటల వల్ల ప్రభుత్వానికి ఖర్చూ తక్కువే. సరుకు మద్రాసు స్టూడియోల్లో ఎప్పుడో తయారై ఉంది. దాన్ని కత్తిరించి వరస పెడితే చాలు, మధ్యలో సబ్బుల ప్రకటనకు చోటు దొరుకుతుంది.

3

ఇక మా ఉయ్యూరు సంగతి. ఎనభైల చివరిలో మా వీధిలో ఒక పెద్ద రైతు ఇంట్లో టీవీ ఉండేది. డాబా మీద రెండు నిలువుల ఇనప గొట్టం, దాని కొసన ఏంటెనా. అది బెజవాడ వైపు తిరిగి ఉంటేనే బొమ్మ. గాలి కాస్త గట్టిగా కొడితే బొమ్మ పోయి చీమలు పాకేవి. శుక్రవారం సాయంత్రానికి ఆ ఇంటి హాలు నిండేది. ఇంటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు కుర్చీల్లో. నాలాంటి చదువుకున్న కుర్రాళ్ళు, వీధిలో వాళ్ళ పిల్లలు చాపల మీద. ఆ ఇంట్లో పని చేసే ఆడవాళ్ళు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని. పేట నుంచి వచ్చిన కూలీలూ వాళ్ళ పిల్లలూ కిటికీ అవతల, వసారా కింద. కిటికీ ఊచల మధ్య ముఖాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండేవి. వాన పడితే వాళ్ళు తడిసేవారు. లోపల చోటుందా లేదా అన్న ప్రశ్న ఎవరూ వేసేవారు కాదు. అడగనక్కర్లేకుండానే అందరికీ జవాబు తెలుసు.

ఆ ఇంటి పాలేరు కుర్రాడి స్థానం మాత్రం హాల్లోనూ కాదు, కిటికీ దగ్గరా కాదు. వాడు డాబా మీద. బొమ్మ చెదిరినప్పుడల్లా ఏంటెనా తిప్పడం వాడి పని. పైనుంచి, “వచ్చిందాండీ?” అని కేక వేసేవాడు. కింద నుంచి మేమంతా, “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, వచ్చింది, కదపకు!” అని అరిచేవాళ్ళం. కదపకుండా గొట్టం పట్టుకుని వాడక్కడే నిలబడేవాడు. మా హాల్లో పాట ఆడుతుండేది.

కలిసి చూశామని ఇప్పుడు చెప్పుకుంటున్న దృశ్యం ఇదీ. కులం ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుని చూశాం. ఇది ఒక ఇంటి విశేషమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అవే సంవత్సరాల్లో, 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. చుండూరు మాకు కృష్ణ అవతలి ఒడ్డే. అక్కడి గొడవ రాజుకున్నది ఒక సినిమా హాల్లో, చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగిలిందన్న మాట మీద. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా ఎవరు ఎక్కడ కూర్చుని చూడాలన్నది కళకు సంబంధించని సంగతి అనుకునేవాళ్ళు ఈ తేదీని గుర్తు పెట్టుకోవాలి.

4

ఆ రోజుల్లో ఒక సాహిత్య సభలో నేను చిత్రలహరి మీద మాట్లాడాను. పాలకవర్గాలు ప్రజలకు పోస్తున్న మత్తుమందు అన్నాను. పాటను కథ నుంచి, నాట్యాన్ని జీవితం నుంచి విడదీసి అమ్ముతున్నారన్నాను. బుర్రకథకు నలుగురు రాని ఊళ్ళో ఈ పెట్టె ముందు నలభైమంది చేరడం చైతన్య పతనమన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సభకు కుర్చీలు మోసిన కూలీల్లో ఆ ఏంటెనా కుర్రాడు కూడా ఉన్నాడు. అప్పటికి పాలేరుతనం మాని చెరకు నరికే ముఠాలో చేరాడు. సభ అయ్యాక కుర్చీలు మడుస్తూ, నవ్వుతూనే అన్నాడు: “మత్తుమందంటున్నారు సరే మాస్టారూ, మాకు మత్తెక్కేదాకా చూడనిస్తేగా? నేను కిందకి దిగొచ్చేసరికి పాటైపోయేది.”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా ఉపన్యాసంలో ‘ప్రజలు’ అన్న మాట చాలాసార్లు వచ్చింది. ఆ ప్రజల్లో డాబా మీద నిలబడ్డవాడు లేడు. చూసి చెడిపోయేవాళ్ళ గురించి బాధపడ్డాను. చూడ్డానికి చోటు లేనివాళ్ళు నాకు కనిపించలేదు. ఎందుకంటే నేను చాప మీద కూర్చున్నవాణ్ణి. వాడు పట్టుకున్న గొట్టం వల్ల కనిపించిన బొమ్మను చూసి, ఆ బొమ్మ మీద విమర్శ చేసినవాణ్ణి. ఆత్మవిమర్శ అన్న మాటను మనం తీర్మానాల్లో వాడినంత తేలిగ్గా ఇక్కడ వాడలేకపోతున్నాను.

5

అయితే చిత్రలహరి మీద నేనన్న మాటలన్నీ తప్పా? తప్పని అనలేను. పాటను కథ నుంచి విడదీయడం నిజంగా జరిగింది. దానికి ఒక ఉదాహరణ చూద్దాం.

1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో ‘రోజులు మారాయి’ వచ్చింది. భూస్వామి దోపిడీనీ, దాని ముందు రైతులు కలిసి నిలబడటాన్నీ కథగా చేసుకున్న చిత్రం. అందులోని ఏరువాక పాటను కొసరాజు రాఘవయ్య చౌదరి రాశాడు. సంగీతం మాస్టర్ వేణు, మా బందరు మనిషి. ఆడిన అమ్మాయి వహీదా రెహమాన్. పాట దుక్కి దున్నేవాడిదీ, బాణీ పల్లెదీ. అదే బాణీ 1960లో హిందీ చిత్రం ‘బొంబాయి కా బాబూ’లో మరో పాటయింది. ఆ అమ్మాయి బొంబాయి వెళ్ళి దేశమంతా తెలిసిన నటి అయింది. ఇంత దూరం నడిచిన పాటను మూడు నిమిషాల ముక్కగా తెంపి రెండు ప్రేమ పాటల మధ్య పెడితే ఏమవుతుంది? భూమి ఎవరిదన్న ప్రశ్న పోతుంది, అమ్మాయి నడుము మిగులుతుంది. దున్నేవాడు వెనక వరసలో గంతులేసే బొమ్మవుతాడు. వస్తువును తీసేసి రూపాన్ని మాత్రం అమ్మడమంటే ఇదే.

నాట్యం సంగతి కూడా అంతే. మొవ్వ పక్కన కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్య మద్రాసు వెళ్ళాడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో నర్తించాడు, తర్వాత ‘దేవదాసు’కు దర్శకుడయ్యాడు. వెంపటి పెద సత్యం, పసుమర్తి కృష్ణమూర్తి సినిమా నాట్యాన్ని తీర్చినవాళ్ళు. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. అక్కినేని, నందమూరి ఇద్దరూ ఆ తాలూకా మట్టిలోనుంచి వెళ్ళినవాళ్ళే. ఈ డెల్టా పాట, ఈ డెల్టా అడుగు మద్రాసు చేరి, అక్కడి యంత్రంలో పడి, హైదరాబాద్ మీదుగా శుక్రవారం సాయంత్రం మా వీధికే తిరిగి వచ్చాయి. ఉయ్యూరు వాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. క్రషింగు రోజుల్లో చెరకు బళ్ళు బారులు తీరి ఫ్యాక్టరీకి వెళ్ళడం మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పండించినవాడు పంచదారను కొట్లో కొనుక్కోవాలి.

కాని ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. మద్రాసు వెళ్ళకముందు ఆ కళ అందరిదీ అని చెబితే అబద్ధమవుతుంది. కూచిపూడి మేళాలు తరతరాలుగా బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళవి. కళావంతుల స్త్రీల నాట్యాన్ని సంస్కరణ పేరుతో మేజువాణీల నుంచీ గుళ్ళ నుంచీ వెళ్ళగొట్టారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం కూడా చేసింది. అంకితం చేసే దురాచారం పోవలసిందే. దానితోపాటు ఆ స్త్రీల విద్యకున్న గౌరవాన్ని కూడా ఎందుకు పూడ్చిపెట్టాలో ఎవరూ చెప్పలేదు. మన కళల ఇంటికి కిటికీ ముందునుంచే ఉంది. టెలివిజన్ ఆ కిటికీని తెరవలేదు, తనతో తేలేదు కూడా. ఉన్న కిటికీ ముందు దీపం పెట్టింది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆ వెలుగులో కనిపించింది.

6

కిటికీ అవతల ఏం జరిగిందో కూడా చెప్పాలి. లోపల మేం నిశ్శబ్దంగా చూసేవాళ్ళం. మాట్లాడితే ఇంటి పెద్దాయన కసిరేవాడు. బయట మాత్రం మాటే మాట. పాట మొదలైన రెండో క్షణంలో, “ఇది ఫలానా సినిమాలోది, ఇప్పుడే వీడి అన్న జైలుకెళ్ళాడు” అని ఒక ఆడమనిషి కథంతా విప్పేది. కత్తిరించిన కథను ఆమె తన జ్ఞాపకంలోంచి తెచ్చి కుట్టేది. హీరోయిన్ నారుకట్ట పట్టుకుంటే, “ఆ పట్టుకోవడం చూడవే, సాయంత్రానికి ఎకరం కాదు, సెంటు కూడా పడదు” అని మరొకామె. కిటికీ గొల్లుమనేది. జమీందారు బంగళా మెట్ల మీద డాన్సు వస్తే, “ఆ మెట్లు కడిగినోళ్ళని చూపించరేం?” అని ఒక ముసలాయన.

చాలాకాలం తర్వాత నాకు తట్టింది, అది బుర్రకథ వరస అని. కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని ఎంత గొప్పగా వాడుకుందో, నాజర్ దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్ళాడో మనం పదే పదే రాసుకున్నాం. తర్వాత ప్రభుత్వమే అదే బుర్రకథతో పంచవర్ష ప్రణాళికల ప్రచారం, కుటుంబ నియంత్రణ ప్రచారం చేయించడం కూడా చూశాం. రూపం ఎవరి చేతిలోకైనా పోగలదు. వంతలు మాత్రం ఆ కిటికీ దగ్గర బతికే ఉన్నారు. బుర్రకథ చచ్చిపోయిందని హాల్లో కూర్చుని నేను బాధపడుతున్న సమయంలోనే, నా వెనక కిటికీ దగ్గర హాస్యపు వంతా, రాజకీయపు వంతా తమ పని తాము చేస్తూనే ఉన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక తేడా ఉంది, అదే అసలు తేడా. బుర్రకథలో వంత మాట కథకుడికి వినపడుతుంది. దానికి అతను జవాబు చెప్పాలి. జనం నవ్వితే ఆగాలి, విసుక్కుంటే కథ మళ్ళించాలి. పెట్టెకు చెవి లేదు. ఆమె నారుకట్ట మీద అన్న మాట మద్రాసులో నాట్య దర్శకుడికి చేరే దారి లేదు. చిత్రలహరిలో నేను చూసే లోపం ఇది. ప్రజలు దాన్ని నోరు మూసుకుని మింగలేదు. వాళ్ళు జవాబు చెప్పారు, ఆ జవాబు వినేవాడు లేడు. వినవలసిన మనం హాల్లో కూర్చున్నాం.

పాటల కార్యక్రమం ఇలాగే ఉండి తీరాలన్న నియమం లేదు. అమెరికాలో ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ అని యువతీయువకులు డాన్సు చేసే టెలివిజన్ కార్యక్రమం ఉండేది. ఫిలడెల్ఫియా స్టూడియోలో నల్లజాతి పిల్లలను చాలాకాలం ఆ నాట్యపు నేల మీదికి రానివ్వలేదు. ఆ దేశంలోనే 1970లో షికాగోలో ఒక స్థానిక స్టేషన్ నుంచి డాన్ కార్నీలియస్ ‘సోల్ ట్రెయిన్’ మొదలుపెట్టాడు. 1971లో అది మిగతా నగరాలకు పాకింది. అందులో పాడేవాళ్ళతో సమానంగా ఆడే మామూలు నల్లజాతి యువతే ఆకర్షణ. రెండు వరసలుగా నిలబడితే మధ్యలోంచి జంట తర్వాత జంట తమకు వచ్చిన అడుగు వేసుకుంటూ వచ్చేది. అలాగని దాన్ని విప్లవమని నేననను. దాన్ని పోషించింది జుట్టుకు రాసే సరుకులమ్మే కంపెనీ, అది నల్లజాతి వాళ్ళదే అయినా కంపెనీ కంపెనీయే. కాని కిటికీ దగ్గరివాడు నేల మధ్యకు వచ్చాడు. మన చిత్రలహరిలో అటువంటి నేలే లేదు. ప్రేక్షకుడికి అందులో ఒకే ఒక్క పాత్ర ఉంది – ఏంటెనా పట్టుకోవడం.

7

1995 నుంచి ప్రైవేటు తెలుగు ఛానెళ్ళు వచ్చాయి. ఆ తర్వాత డాన్సు పోటీలు వచ్చాయి. పల్లెల కుర్రాళ్ళు, పేద ఇళ్ళ పిల్లలు తెర మీదికి వచ్చారు. ఇది చిన్న మార్పు కాదు. అయితే వాళ్ళు అడుగు వేయాలంటే ముందు వరసలో న్యాయనిర్ణేతలుండాలి, ఓడినవాడు ఏడవాలి, ఆ ఏడుపు మీద కెమెరా నిలవాలి. ఆ తర్వాత చేతిలో ఫోను వచ్చింది. చెరకు తోటలో, కల్లంలో, ఇటుక బట్టీ దగ్గర నిలబడి ఆడినవాళ్ళను దేశం చూసింది. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించే దాకా అందులో మనం చూసిన ముఖాల్లో ఎన్నో కిటికీ ఊచల మధ్య ముఖాలే. అప్పుడు మన సభల్లో వినిపించిన మాటలేమిటి? పిచ్చి గంతులు, దిగజారిన అభిరుచి, మత్తుమందు. ముప్పై ఏళ్ళ కిందటి నా ఉపన్యాసం అక్షరం మారకుండా మళ్ళీ వినపడింది. ఆ ఫోను వెనక కూడా కంపెనీ ఉంది, మన చూపును అమ్ముకునే వ్యాపారం ఉంది. దాన్ని విమర్శించాల్సిందే. విమర్శ ఎక్కడ కూర్చుని చేస్తున్నామన్నది ముందు తేల్చుకోవాలి.

రచయితలకూ విద్యార్థులకూ నా మనవి ఇది. ప్రజా సంస్కృతి మీద వ్యాసం రాసే ముందు, ఆ పాటో ఆటో చూస్తున్నవాళ్ళ పక్కన నిలబడి వాళ్ళ మాట వినండి. వంతల మాటను రాసి పెట్టండి. మా ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు జరుగుతాయి. అక్కడ ప్రభల ముందు ఆడేవాడి అడుగులో సినిమా ఎంత, డప్పు ఎంత అని లెక్క కట్టగల విమర్శకుడు మనకింకా రాలేదు. అతను ఏ విశ్వవిద్యాలయంలోనుంచో రావాలని నేననుకోను. పేటలోనుంచే రావచ్చు. వచ్చినప్పుడు మన పత్రికలో అతనికి చోటుందా అన్నదే ప్రశ్న.

పోయినేడు క్రషింగు రోజుల్లో ఆ ఏంటెనా కుర్రాడు – కుర్రాడేమిటి, మనవలున్నవాడు – చెరకు లారీ పక్కన కనిపించాడు. మనవడు ఫోనులో పాత పాట పెట్టి చూపిస్తున్నాడు. నన్ను చూసి, “మాస్టారూ, ఈ పాట నేను పూర్తిగా చూడటం ఇదే మొదలు” అన్నాడు. నేనూ నిలబడి చూశాను. పాట మధ్యలో అతను వెనక వరసలో ఆడే ఒకతన్ని చూపించి, “వీడు అడుగు తప్పాడు చూశారా?” అన్నాడు. ఇన్నేళ్ళూ హాల్లో కూర్చుని చూసిన నాకు ఆ తప్పు ఒక్కసారీ కనిపించలేదు.